నికాన్ డి850 రివ్యూ: కన్ను వ్యూఫైండర్‌లో ఉన్నంతసేపు తిరుగులేదు, ఆ తర్వాత?

నమస్తే అండీ. ఈ రోజు టేబుల్ మీద ఉన్నది నికాన్ డి850, లోపల అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ కెమెరా. 2017 ఆగస్టులో ప్రకటించారు, నికాన్ కంపెనీకి సరిగ్గా నూరేళ్ళు నిండిన ఏడాది. "అందరూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి వెళ్ళిపోతుంటే ఇప్పుడు దీని రివ్యూ ఏంటన్నా?" అంటారేమో. వాళ్ళంతా వెళ్ళిపోతున్నారు కాబట్టే ఈ బాడీలు, అంటే లెన్స్ లేని కెమెరాలు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. ఇక్కడ చెన్నైలో కొత్తగా ఫోటోగ్రఫీ పనిలోకి దిగిన మన తెలుగు పిల్లలు "కొనొచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ వీడియో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవి ఒకే బాడీలో ఉన్న రెండు కెమెరాలు. కన్ను వ్యూఫైండర్‌కి ఆనించి తీస్తే ఒకటి, దాన్ని ఇవాళ్టికీ వంక పెట్టడం కష్టం. వెనక స్క్రీన్ చూస్తూ తీస్తే ఇంకొకటి, అది బాగా వెనకబడిపోయింది. మీకు రోజూ పని పడేది ఏ కెమెరాతో అన్నది చూసుకుని కొనండి.

ముందు సెన్సర్ సంగతి. 45.7 మెగాపిక్సెళ్ళు, సన్నని వివరాల్ని కాస్త మెత్తబరిచే లో పాస్ ఫిల్టర్ లేదు. అంకె పెద్దదని కాదు నేను మెచ్చుకునేది, బేస్ ఐఎస్ఓ, అంటే వెలుగుకి సెన్సర్ స్పందించే మామూలు కనీస మెట్టు, 64 ఉండటం. చాలా కెమెరాలు 100 దగ్గర మొదలవుతాయి. 64 దగ్గర సెన్సర్ ఇంకాస్త ఎక్కువ వెలుగు పట్టుకోగలదు, అందుకే నీడల్లో నాయిస్, అంటే గరుకు మచ్చలు, తగ్గుతుంది. కెమెరా సెన్సర్లకి మార్కులు వేసే డీఎక్స్ఓమార్క్ పరీక్షలో 100 పాయింట్లు అందుకున్న మొదటి డీఎస్ఎల్ఆర్ ఇదే.

ఇదిగో ఈ ఫోటో చూడండి. మహాబలిపురం తీర దేవాలయం, సూర్యోదయం. సముద్రం మీద సూర్యుడు, గుడి మనవైపు పూర్తిగా నీడలో. ఆకాశం కాలిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టాను కాబట్టి గుడి నల్ల ముద్దలా వచ్చింది. ఇప్పుడు అదే రా ఫైల్‌లో, అంటే సెన్సర్ పట్టిన అసలు ఫైల్‌లో, నీడలు పైకి లేపుతున్నాను, చూడండి. ఉప్పుగాలికి అరిగిపోయిన రాతి చెక్కడాలు, గోడ మీది పగుళ్ళు, అన్నీ బయటికొచ్చాయి. నీడల్లో రంగు మచ్చల్లేవు, అడ్డ గీతల్లేవు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఫైళ్ళు చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఇక ఫోకస్. 153 పాయింట్లు, అందులో 99 అడ్డ, నిలువు గీతలు రెండింటినీ పట్టుకునే క్రాస్ టైప్. అప్పటి నికాన్ టాప్ మోడల్ డి5లో ఉన్న ఆటోఫోకస్ మాడ్యూలే ఇందులో పెట్టారు. మధ్య పాయింట్ మైనస్ 4 ఈవీ చీకట్లో కూడా పట్టుకుంటుంది. దీని విలువ నాకు తెలిసింది మార్గళి సీజన్‌లో. డిసెంబర్ వచ్చిందంటే ఈ ఊళ్ళో ప్రతి సభలోనూ కచేరీలు, నాట్యాలు. వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది ఇక్కడే కదా, అందుకే కూచిపూడి అంటే ఈ ఊరికి అంత పరిచయం. తరంగం చేసేటప్పుడు ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు, ముఖం మీద స్పాట్ లైటు, వెనకంతా నల్ల తెర. ఫ్రేమ్ అంతా చూసి వెలుగు కొలిచే మామూలు మ్యాట్రిక్స్ మీటరింగ్ ఆ నలుపు చూసి మోసపోయి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబారిపోతుంది. ఇందులో హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ ఉంది. అది ఫ్రేమ్‌లో వెలుగు ఎక్కువున్న చోటు కాలిపోకుండా చూసుకుంటుంది. స్టేజ్ ఫోటోలు తీసేవాళ్ళు ఈ బాడీ కొంటే మొట్టమొదట నేర్చుకోవాల్సిన సెట్టింగ్ ఇది.

కానీ అదే సభలో దీని పెద్ద లోపం కూడా బయటపడుతుంది. చప్పుడు. లోపల అద్దం పైకి లేచి దిగాలి కాబట్టి నొక్కిన ప్రతిసారీ శబ్దమే. నాట్యంలో మృదంగం, గజ్జెలు దాన్ని కప్పేస్తాయి. గాత్ర కచేరీలో రాగాలాపన నడుస్తుంటే ముందు వరసలో కూర్చుని ఇది నొక్కలేం. క్వయట్ మోడ్ పెట్టినా శబ్దం మెత్తబడుతుందే గానీ పోదు. రసికులు వెనక్కి తిరిగి చూస్తారు, వాళ్ళ తప్పేం లేదు.

పూర్తి నిశ్శబ్దం కావాలంటే లైవ్ వ్యూలోకి, అంటే వెనక స్క్రీన్ చూస్తూ తీసే పద్ధతిలోకి, వెళ్ళి సైలెంట్ ఫోటోగ్రఫీ పెట్టుకోవాలి. అంటే నేను చెప్పిన రెండో కెమెరాలోకి వచ్చేశాం. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు వెలుగులో కొంత భాగం అద్దం కింద ఉన్న ప్రత్యేక ఫోకస్ సెన్సర్‌కి వెళ్తుంది. ఫోకస్ ఎటు జరగాలో, ఎంత జరగాలో అది ఒక్క చూపులో చెప్పేస్తుంది. లైవ్ వ్యూలో అద్దం పైకి లేచిపోతుంది కాబట్టి ఆ సహాయం ఉండదు. అసలు సెన్సరే కాంట్రాస్ట్ చూసుకుంటూ ముందుకీ వెనక్కీ వెతుక్కోవాలి. కదలని వస్తువైతే ఖచ్చితంగా పట్టుకుంటుంది. కదిలే మనిషైతే వెతుకుతూనే ఉంటుంది. పైగా ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఎల్ఈడీ లైట్లకి ఫోటో నిండా చారలు పడొచ్చు. ఇవాళ స్టేజీల మీద ఉన్నవి ఎక్కువగా ఆ లైట్లే.

వీడియోదీ ఇదే కథ. 4కె రికార్డింగ్ సెన్సర్ పూర్తి వెడల్పుతో వస్తుంది, సెకనుకి 30 ఫ్రేములు. మైక్, హెడ్‌ఫోన్ సాకెట్లు రెండూ ఉన్నాయి. రంగులు బాగుంటాయి. కానీ ఆటోఫోకస్‌ని నమ్ముకోలేం, తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలిచ్చే లాగ్ ప్రొఫైల్ లేదు, మాన్యువల్ ఫోకస్ చేద్దామంటే ఫోకస్ పడ్డ అంచుల్ని రంగుతో చూపించే ఫోకస్ పీకింగ్ 4కెలో రాదు. పెళ్ళిలో జీలకర్ర బెల్లం ఘట్టానికి రెండో అవకాశం ఉండదు. మీ పనిలో సగం వీడియో అయితే దీన్ని కొనకండి. ఇక్కడ నేను మొహమాటపడను.

ఫోటోలకి వద్దాం. బ్యాటరీ ఒక్క ఛార్జింగ్‌కి 1840 ఫోటోలని కంపెనీ లెక్క. 2018లో వచ్చిన నికాన్ మిర్రర్‌లెస్ జడ్7కి అదే లెక్కలో 330. రాత్రి ఎదుర్కోలుతో మొదలై తెల్లవారుజాము ముహూర్తం దాకా నడిచే మన పెళ్ళిళ్ళలో ఇది ఎంత నిశ్చింతో చేసినవాళ్ళకే తెలుసు. తలంబ్రాలప్పుడు సెకనుకి 7 ఫ్రేములు బాగానే సరిపోతాయి. 9 కావాలంటే గ్రిప్పు, దానికి పెద్ద బ్యాటరీ వేరే కొనుక్కోవాలి.

కానీ బరువు! బ్యాటరీ, కార్డుతో బాడీ 1005 గ్రాములు. 24-70 ఎఫ్ 2.8 కొత్త లెన్స్ ఇంకో 1070. రెండు కిలోలు దాటింది, ఫ్లాష్ ఇంకా పెట్టలేదు. తెల్లారేసరికి మణికట్టు పట్టేస్తుంది. మెడ పట్టీ మానేసి భుజం బెల్టు వాడండి.

ఇంకో చిక్కు, 153 పాయింట్లు అన్నా అవన్నీ ఫ్రేమ్ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. ముఖం అంచున పెట్టి కంపోజ్ చేద్దామంటే అక్కడ పాయింటే ఉండదు. మిర్రర్‌లెస్‌లో లాగా కన్ను వెతికి పట్టుకోవడం వ్యూఫైండర్‌లో లేదు. ఎఫ్ 1.4లో తీస్తూ మధ్యలో ఫోకస్ చేసి కెమెరా పక్కకి తిప్పితే, 45 మెగాపిక్సెళ్ళలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చేతి వణుకూ అంతే. బాడీలో స్టెబిలైజేషన్ లేదు. 50 ఎంఎం లెన్స్‌కి 1/50 సెకను చాలన్న పాత లెక్క ఇక్కడ పనికిరాదు, కనీసం రెట్టింపు వేగం పెట్టండి.

అన్ని పిక్సెళ్ళు ఎందుకంటే పక్షుల వాళ్ళని అడగండి. చలికాలంలో చెన్నైలోని పళ్ళికరణై చిత్తడి నేలకి రాజహంసలు వస్తాయి. 2022లో రామ్‌సార్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అన్న గుర్తింపు, వచ్చిన చోటు. అవి దగ్గరికి రావు, మనం దిగి వెళ్ళకూడదు. సెన్సర్ మధ్య భాగమే వాడే డీఎక్స్ క్రాప్ పెట్టుకుంటే 500 ఎంఎం లెన్స్ 750 లాగా చూస్తుంది, అప్పటికీ 19 మెగాపిక్సెళ్ళు పైనే మిగులుతాయి. అద్దాలలోంచి నేరుగా చూస్తాం కాబట్టి ఎగిరే పక్షి వెంట కన్ను ఏ ఆలస్యం లేకుండా పోతుంది. ఈ ఆప్టికల్ వ్యూఫైండర్ అంటే నాకు ప్రాణం, దాచుకోను.

పాత లెన్సులున్నవాళ్ళకి ఒక మాట. 50 ఎంఎం ఎఫ్ 1.8 డి లాంటివి ఎంతమంది ఇళ్ళల్లో ఉన్నాయో! వాటిని తిప్పే మోటార్ ఈ బాడీలో ఉంది. పాత లెన్సుల్ని నికాన్ మిర్రర్‌లెస్‌కి కలిపే ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో తగిలిస్తే వాటికి ఆటోఫోకస్ రాదు.

ఖర్చు బాడీతో ఆగదు. 14 బిట్ లాస్‌లెస్ రా ఒక్కోటి 50 ఎంబీ దాకా ఉంటుంది. వెయ్యి ఫోటోలకే 50 జీబీ. కార్డు స్లాట్లు రెండు, ఒకటి ఎస్‌డీ, ఇంకోటి ఎక్స్‌క్యూడీ. ఎక్స్‌క్యూడీ కార్డుల కోసం వెతుక్కోకండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ టైప్ బి పనిచేస్తుంది. మీ కంప్యూటర్ పాతదైతే దాని సంగతీ ఆలోచించండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో, అడగండి. కంపెనీ పరీక్షించింది 2 లక్షల క్లిక్కులకి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి లెన్స్‌తో కలిపి అమ్ముతుంటే టార్చ్ వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి, సాలెగూడు పోగుల్లా కనపడుతుంది. తర్వాత మీ లెన్సే తగిలించి, ట్రైపాడ్ మీద పెట్టి, ఒకే వస్తువుని వ్యూఫైండర్‌లో ఒకసారి, లైవ్ వ్యూలో ఒకసారి తీయండి. రెండూ పెద్దవి చేసి పోల్చండి. వ్యూఫైండర్‌ది కాస్త మెత్తగా ఉంటే బేరం వదులుకోకండి. లైవ్ వ్యూలో ఫోకస్ చేసి, ఏఎఫ్ మోడ్ బటన్, వీడియో బటన్ కలిపి రెండు సెకన్లకి పైగా నొక్కి పట్టుకుంటే ఆ తేడాని సరిచేసే ఆటో ఫైన్ ట్యూన్ మొదలవుతుంది. అది చేశాక కూడా తేడా పోకపోతే, ఇంకో లెన్స్‌తోనూ అలాగే వస్తే, ఆ బాడీ అక్కడే పెట్టేసి వచ్చేయండి.