ఇరానీ చాయ్ ఎవరిది, మండీ ఎవరిది?

ఇరాన్ గురించి ఏ వార్త వచ్చినా ఏదో ఒక థంబ్‌నెయిల్‌లో "అరబ్ దేశం ఇరాన్" అని కనిపిస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఇరాన్ అరబ్ దేశం కాదు! ఈ మాట ఒక ఇరానీ ముందు అని చూడండి, మొహం ఎలా మాడ్చుకుంటాడో!

మ్యాప్ తర్వాత చూద్దాం, ముందు హైదరాబాద్ వెళ్దాం. అక్కడ ఇరానీ హోటళ్లు మొదలుపెట్టింది ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు. బార్కస్‌లోని పాత కుటుంబాలేమో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు. మనం ఎగబడి తినే మండీ కూడా యెమెన్ వంటకమే. ఆ హోటల్ తాతా ముస్లిమే, ఈ బార్కస్ తాతా ముస్లిమే అనుకుందాం. కానీ ఆయన ఇంటి భాష ఫార్సీ, ఈయనది అరబ్బీ. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడితే రెండోవాళ్లకు అర్థం కాదు. అరబ్బు ఎవరంటే ముందు చూడాల్సింది ఇదే: అరబ్బీ సొంత భాషా, తాను అరబ్బునని అనుకుంటున్నాడా? మతం కాదు.

"మరి రాత ఒకేలా ఉంటుంది కదా?" ఉంటుంది. 7వ శతాబ్దంలో అరబ్బు సేనలు ఇరాన్‌ను గెలిచాక ఇస్లాం వచ్చింది, క్రమంగా లిపీ వచ్చింది. భాష మాత్రం నిలబడింది. ఫార్సీ మన హిందీకి దూరపు చుట్టం. అరబ్బీకి దగ్గరి చుట్టం హీబ్రూ, అంటే ఇజ్రాయెల్ భాష! పైగా ఫార్సీవాళ్లు తమకు కావాల్సిన ధ్వనుల కోసం నాలుగు అక్షరాలు చేర్చుకున్నారు. అందులో "చ" ఒకటి. (తెర మీద: మధ్యలో మూడు చుక్కలున్న అక్షరం.) హోటల్ తాత బోర్డు మీద "చాయ్" అని రాయగలడు. బార్కస్ తాత పుస్తకాల అరబ్బీలో రాస్తే అది "షాయ్" అవుతుంది.

ఇప్పుడు మ్యాప్. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి మనవాళ్లు ఎక్కువగా వెళ్లే సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈ, ఒమన్ ఆరూ అరబ్ దేశాలే. 1981లో వీళ్లంతా కలిసి గల్ఫ్ సహకార మండలి పెట్టుకున్నారు. నీళ్లకు అవతలి ఒడ్డు ఇరాన్. ఆ సముద్రం పేరు మీద కూడా గొడవే: వాళ్లకు పర్షియన్ గల్ఫ్, వీళ్లకు అరేబియన్ గల్ఫ్. మీరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకుని నోరు తెరవండి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. తుర్కియే అరబ్ దేశం కాదు. అక్కడ భాష టర్కిష్, 1928 నుంచి లాటిన్ లిపి. ఇజ్రాయెల్ కూడా కాదు, కానీ ఆ దేశ పౌరుల్లో దాదాపు ఐదో వంతు అరబ్బులు. ఇరాన్‌లోనూ ఖూజిస్తాన్ వైపు అరబ్బులున్నారు. లెబనాన్ అరబ్ దేశమే, అయినా ఆనవాయితీ ప్రకారం అక్కడి అధ్యక్షుడు మారొనైట్ అనే శాఖకు చెందిన క్రైస్తవుడు. ఇరాక్ అరబ్ దేశం, ఉత్తరాన కుర్దులున్నారు, కుర్దిష్ కూడా అధికార భాషే.

ఇంకా అనుమానం ఉంటే 1945లో కైరోలో పుట్టిన అరబ్ దేశాల కూటమి, అరబ్ లీగ్ జాబితా చూడండి, 22 సభ్యులు. అందులో సోమాలియా కనిపించి కంగారు పడకండి, లీగ్‌లో సభ్యురాలే అయినా అక్కడ ఎక్కువమంది మాట్లాడేది అరబ్బీ కాదు, సోమాలీ. మొరాకో, అల్జీరియాల్లో అమాజిగ్ (బెర్బర్) జనం సంగతి ఇంకా పెద్ద కథ, దానికి వేరే వీడియో చేస్తా.