డిక్రీ డబ్బు కట్టేశాక మిగిలే పని

ఎండను లెక్కచేయకుండా ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలు మన్నించాలి. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పావుగంటా అక్కడే అయిపోతుంది.

బ్యాంకు వేసిన దావాలో కోర్టు కట్టమని తీర్పిచ్చిన డిక్రీ సొమ్ము వడ్డీతో సహా కట్టేసినా, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ సంస్థ రిపోర్టులో 'సూట్ ఫైల్డ్' (దావా పడింది) అన్న మాట పోవడం లేదని గాజువాక నుంచి మధురవాడ దాకా అడుగుతున్నారు. కోర్టు సిబిల్‌కి ఏ కాగితమూ పంపదు. ఆ మాట ఎక్కించింది బ్యాంకు, తీయించాల్సిందీ బ్యాంకే. ప్రామిసరీ నోటు మీద పక్కింటాయన వేసిన దావా అయితే అసలు సిబిల్‌కే ఎక్కదు.

ముందు కోర్టు పని. డబ్బు కోర్టు బయట కడితే, ముట్టిందని బ్యాంకు కోర్టుకు చెప్పాలి. చెప్పకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్, 2వ రూల్ కింద మీరే దరఖాస్తు పెట్టుకోవాలి. గడువు కట్టిన రోజు నుంచి 30 రోజులే. నమోదు కాని చెల్లింపును ఈపీ, అంటే డిక్రీ అమలు దరఖాస్తు, చూసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువుంది. ఈలోగా బ్యాంకులో ఫైలు చేతులు మారిందంటే జీతం అటాచ్‌మెంటు, అంటే జప్తు, దాకా వెళ్లొచ్చు.

అమ్మా, బాబూ, వెనక వరసలవాళ్లు కూడా వినండి. రికవరీకి వచ్చిన మనిషి చేతిలో నోట్లు పెట్టకండి! లోన్ ఖాతాలోకే కట్టండి. "అంతా క్లియరైపోయింది సార్" అన్న నోటిమాట కోర్టులో చెల్లదు, సిబిల్‌లో చెల్లదు. ఈ మాట నమ్మి 30 రోజులూ పోగొట్టుకుంటున్నారు. మళ్లీ చెబుతున్నా, నోటిమాట చెల్లదు.

ఫుల్ శాటిస్‌ఫాక్షన్, అంటే డిక్రీ సొమ్మంతా ముట్టిందని, కోర్టులో నమోదయ్యాక ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్లో లోన్ నంబరు, దావా నంబరు, కట్టిన మొత్తం, తేదీ నాలుగూ ఉండాలి. ఉత్తినే 'ఖాతా మూసివేశాం' అని ఉంటే అక్కడే నిలబడి మార్పించుకోండి. బ్యాంకుతో ఒప్పించుకుని తగ్గించి కట్టినవాళ్లకి రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు. అది మారాలంటే బ్యాంకు వదులుకున్న మిగతా సొమ్మూ కట్టాల్సి రావచ్చు.

ఇక రిపోర్టు. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్, అప్పుల రిపోర్టులిచ్చే ఈ నాలుగు సంస్థల దగ్గరా ఏడాదికొకసారి ఉచితంగా వస్తుంది. ఒక దాంట్లో సరైనంత మాత్రాన మిగతావి సరైనట్టు కాదు, నాలుగూ చూడండి. తప్పున్నచోట ఆ సంస్థకే డిస్ప్యూట్, అంటే సరిచేయమని ఫిర్యాదు, పెట్టండి, రుసుం లేదు. బ్యాంకుకూ విడిగా రాసి రసీదు పెట్టుకోండి. సవరణ పంపడానికి బ్యాంకుకు 21 రోజులు, మొత్తం పని తేలడానికి 30 రోజులు. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. 2024 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫోన్ 14448.

పాత బకాయి నెలలు మాత్రం నిజమైనవే కాబట్టి అలాగే ఉంటాయి. రిపోర్టు మొత్తం తుడిచేస్తామని డబ్బులడిగేవాళ్లకి ఒక్క రూపాయీ ఇవ్వకండి.

రిపోర్టు ప్రింటు తెచ్చుకున్నవాళ్లు ఇటు బల్ల దగ్గరికి రండి. ముందు 'సూట్ ఫైల్డ్' గడి ఉన్న పేజీ తీసి పట్టుకోండి.