‘ఫోటో కర్టసీ: గూగుల్’ అని రాస్తే సరిపోతుందా?

నమస్తే. వీడియోల కింద, పోస్టుల కింద, ఆఖరికి న్యూస్ కార్డుల మీద కూడా రోజూ కనిపించే మాట ఒకటుంది: ‘ఫోటో కర్టసీ: గూగుల్’. స్ట్రీట్ వ్యూ కార్లు తిప్పి తీసినవి తప్పితే గూగుల్ కెమెరా పట్టుకుని తీసిన ఫోటోలంటూ పెద్దగా లేవు. గూగుల్ ఇమేజెస్ వెతుక్కునే చోటు మాత్రమే. ఈ పుస్తకం ఎవరు రాశారని అడిగితే అది దొరికిన బీరువా పేరు చెప్పినట్టుంటుంది ఆ లైను.

దీనికి అన్నదమ్ములు ఇంకో ముగ్గురున్నారు. ‘క్రెడిట్స్ టు ది ఓనర్’, ‘నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్’, ‘డీఎం ఫర్ క్రెడిట్ ఆర్ రిమూవల్’. చివరిదానికి అసలు అర్థం ఏంటంటే, అడక్కుండా తీసుకున్నాను, నువ్వే నన్ను వెతుక్కుంటూ రా అని. ఇవి రాసినందువల్ల రక్షణ ఏమీ రాదు. పైగా ఫోటో వేరేవాళ్లదని మీకు ముందే తెలుసని మీరే రాసిచ్చినట్టవుతుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, క్రెడిట్, పర్మిషన్ రెండూ ఒకటే అనుకోవడంలో. రెండూ వేరు వేరు హక్కులు. ఫోటో తీసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది. రిజిస్టర్ చేయక్కర్లేదు, మూలన ‘సి’ గుర్తు వేయక్కర్లేదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న, 1886లో మొదలైన బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి, వాటన్నిటికీ ఇదే లెక్క. కాపీ చేయాలా వద్దా అని చెప్పేది ఒక హక్కు. నా పేరు పెట్టు అని అడిగేది ఇంకో హక్కు. దీన్ని ఆ ఒప్పందంలో 1928లో విడిగా చేర్చారు. అంటే పేరు పెట్టినంత మాత్రాన కాపీ చేసుకునే హక్కు రాదు. పర్మిషన్ ఉంది కదా అని పేరు ఎగ్గొట్టడమూ చాలా దేశాల్లో కుదరదు, ఫోటోగ్రాఫర్ అక్కర్లేదంటే తప్ప.

ఇంకో మాట. ఫోటోలో ఉన్నవాళ్లు ఓనర్లు కారు. తీసినవాళ్లే ఓనర్లు. ఉద్యోగంలో భాగంగా తీస్తే చాలా దేశాల్లో కంపెనీది అవుతుంది, డబ్బిచ్చి తీయించుకున్నప్పుడు అగ్రిమెంట్‌లో ఏముందో చూడాలి. కాబట్టి ఒక సెలబ్రిటీ తన పేజీలో పెట్టుకున్న ఫోటోకి ఆ సెలబ్రిటీని అడిగితే సగం పనే అయినట్టు.

క్రెడిట్ ఇచ్చాం కదా అనేవాళ్లు తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. జర్మనీలో ఒక స్కూల్ స్టూడెంట్ ప్రాజెక్టు కోసం స్పెయిన్‌లోని కోర్డోబా నగరం ఫోటో ఒకటి ట్రావెల్ సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఆ సైట్‌లో డౌన్‌లోడ్‌కి అడ్డమేమీ లేదు. ఫోటో కింద సైట్ పేరు కూడా రాశారు. స్కూలు ఆ ప్రాజెక్టుని తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఫోటోగ్రాఫర్ కేసు వేశారు. 2018 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఏమందంటే, మళ్లీ అప్‌లోడ్ చేస్తే కొత్త జనానికి చూపించినట్టే, దానికి ఆయన అనుమతి కావాలి అని. లింక్ ఇవ్వడానికీ దీనికీ తేడా కూడా కోర్టే చెప్పింది. ఫోటోగ్రాఫర్ అసలు సైట్ నుంచి తీసేస్తే లింక్ చచ్చిపోతుంది. కాపీ మాత్రం బతికే ఉంటుంది, దాని మీద ఆయనకి పట్టు ఉండదు. అందుకే ఎక్కడైనా మొదట అడగాల్సిన ప్రశ్న: లింక్‌తో పని అయిపోతుందా? అయిపోతే కాపీ చేయకండి.

సరే, వాడాల్సిందే అనుకుందాం. అప్పుడు ఓనర్ని వెతకాలి. పది నిమిషాల పని, కానీ చాలామంది తప్పుగా చేస్తారు. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ యథాతథంగా సెర్చ్‌లో పడేస్తారు. పైన బ్యాటరీ గుర్తు, కింద లైక్ బటన్, మధ్యలో ఎవరో రాసిన క్యాప్షన్, అన్నీ కలిపి వెతికితే అలాంటి స్క్రీన్‌షాట్లే దొరుకుతాయి. ముందు చుట్టూ ఉన్నదంతా క్రాప్ చేసి ఒట్టి ఫోటో మిగల్చండి. కొలాజ్ అయితే ముక్కలు చేసి ఒక్కోటీ విడిగా వెతకండి. ఫోటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో పోలికలున్న బొమ్మలు కాకుండా అచ్చంగా అదే ఫోటో ఉన్న పేజీలు చూపించే ట్యాబ్‌కి వెళ్లండి. తర్వాత టిన్‌ఐ అనే ఫోటోలు వెతికే సైట్‌లో పెట్టి, పాతవి ముందు వచ్చేలా ఒకసారి, పెద్ద సైజువి ముందు వచ్చేలా ఇంకోసారి సార్ట్ చేయండి. ఏమీ దొరక్కపోతే కుడి ఎడమలు తిప్పి మళ్లీ వెతకండి. దొంగిలించేవాళ్లు తరచూ చేసే పని ఫ్లిప్ చేయడం. బోర్డుల మీద అక్షరాలు తిరగబడి ఉన్నా, చొక్కా గుండీలు అటుది ఇటైనా అనుమానించండి.

టిన్‌ఐ చూపించే తేదీ ఫోటో తీసిన తేదీ కాదు, దాని రోబో ఆ పేజీని మొదటిసారి చూసిన తేదీ. కాబట్టి అన్నిటికంటే పాత తేదీ ఉన్నదే ఒరిజినల్ అనుకోవద్దు. అంతకంటే నమ్మదగిన గుర్తు ఫ్రేమ్. కాపీలు ఎప్పుడూ కుంచించుకుపోతూ ఉంటాయి. ఒకడు వాటర్‌మార్క్ పోవడానికి కింద కోస్తాడు, ఇంకొకడు చతురస్రం చేయడానికి పక్కలు కోస్తాడు. పది కాపీలు పక్కపక్కన పెడితే, అంచుల్లో ఎక్కువ దృశ్యం కనిపించేది ఒరిజినల్‌కి దగ్గరగా ఉంటుంది. (ఏఐతో అంచులు పెంచే టూల్స్ వచ్చాక దీన్నీ కళ్లు మూసుకుని నమ్మలేం. పెంచిన అంచుల్లో వేళ్లు, కిటికీ ఊచలు, అక్షరాలు వంకర్లు పోతాయి, అవి చూడండి.) పిక్సెల్స్ ఎక్కువ ఉన్నా జూమ్ చేస్తే మైనంలా నున్నగా కనిపిస్తే అది సాగదీసిన కాపీ. ఆఖరి పరీక్ష: ఆ అకౌంట్‌లో అదే రోజు, అదే చోట, వేరే కోణంలో తీసిన ఫోటోలు ఉన్నాయా? తీసినవాళ్ల దగ్గర ఒక్క షాటే ఉండటం అరుదు. ఎత్తుకొచ్చినవాళ్ల దగ్గర ఆ ఒక్కటే ఉంటుంది.

ఈ వెతుకులాట ఎందుకింత ముఖ్యమో 2010లో తేలింది. ఆ ఏడాది జనవరి 12న హైతీలో భూకంపం వచ్చిన రోజే ఫోటోగ్రాఫర్ డేనియల్ మోరెల్ తన ఫోటోలు అప్పట్లో ట్విట్టర్‌తో కలిపి వాడిన ట్విట్‌పిక్‌లో పెట్టారు. వేరే యూజర్ ఒకరు వాటిని తనవిగా మళ్లీ పెట్టుకున్నారు. వార్తా సంస్థ ఏఎఫ్‌పీ ఆ రెండో అకౌంట్ నుంచి తీసుకుని, ఆ తప్పు పేరుతోనే ప్రపంచమంతా పంపింది, ఫోటోలు అమ్మే సంస్థ గెట్టీ ఇమేజెస్ ద్వారా కూడా వెళ్లాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. పేరు సరిదిద్దమని తర్వాత నోటీసులు వెళ్లినా అప్పటికే ఫోటోలు ఎక్కడెక్కడికో పాకిపోయాయి. ట్విట్టర్‌లో పెట్టారు కాబట్టి వాడుకోవచ్చన్న ఏఎఫ్‌పీ వాదనని అమెరికా కోర్టు ఒప్పుకోలేదు. 2013 నవంబర్‌లో జ్యూరీ ఏఎఫ్‌పీ, గెట్టీలని మోరెల్‌కి 12 లక్షల డాలర్లు కట్టమంది. అక్కడ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది: ఈ ఫోటో తీసింది మీరేనా?

అందుకే మీరు పంపే మెసేజ్‌లో ఆ ప్రశ్న ముందుండాలి. ‘హాయ్, మీ ఫోటో వాడుకోవచ్చా?’ అంటే సమాధానం రాదు, వచ్చినా దేనికి ఒప్పుకున్నారో తేలదు. ఇలా రాయండి, స్క్రీన్ మీద ఉంది చూడండి:

‘నమస్తే అండీ. ఈ లింక్‌లో ఉన్న ఫోటో తీసింది మీరేనా? మీరే అయితే, ఫలానా అంశం మీద మేం చేస్తున్న వీడియోలో సుమారు 6 సెకన్లు వాడుకోవాలనుకుంటున్నాం. క్రాప్ చేయం, పైన అక్షరాలు వేయం, థంబ్‌నెయిల్‌లో వాడం. మా ఛానల్‌కి యాడ్స్ నుంచి ఆదాయం వస్తుంది. ఫోటో ఉన్నంతసేపూ మీ పేరు స్క్రీన్ మీద ఉంటుంది, డిస్క్రిప్షన్‌లో మీ పేజీ లింక్ ఇస్తాం. మీకు సమ్మతమేనా? పేరు ఎలా రాయమంటారు? ఫీజు తీసుకుంటారంటే ఎంతో చెప్పండి.’

యాడ్స్ సంగతి దాచొద్దు. తర్వాత తెలిస్తే మొదట ఇచ్చిన పర్మిషన్ మీదే గొడవొస్తుంది. థంబ్‌నెయిల్ విడిగా చెప్పడానికి కారణం, దాన్ని చాలామంది ఫోటోగ్రాఫర్లు ప్రకటనలాగే చూస్తారు. జవాబు వచ్చాక ఆ చాట్ స్క్రీన్‌షాట్ తీసి, ఫోటో ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. అకౌంట్ డిలీట్ అయితే చాట్‌లో పేరు కూడా మిగలకపోవచ్చు. జవాబు రాలేదంటే, అది ‘సరే’ కాదు. వేరే ఫోటో చూసుకోవాలి.

అడగక్కర్లేని ఫోటోలు కూడా బోలెడున్నాయి, క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్స్‌వి, అంటే కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని తీసినవాళ్లే ముందుగా ఒప్పుకున్నవి. ఇక్కడ క్రెడిట్ మర్యాద కాదు, షరతు. అది తప్పితే లైసెన్స్ పోతుంది. క్రెడిట్ లైన్‌లో నాలుగు ఉండాలి: ఫోటో పేరు, తీసినవాళ్ల పేరు, దొరికిన పేజీ లింక్, లైసెన్స్ పేరు దాని లింక్‌తో సహా. మీరేమైనా మార్చి ఉంటే అదీ చెప్పాలి. ‘ఫోటో: వికీమీడియా’ అని వదిలేస్తే నాలుగింట్లో ఒక్కటీ సరిగ్గా లేనట్టే. ‘ఫోటో పేరు, తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బై 4.0, క్రాప్ చేశాం’ అని రాసి, పేజీకీ లైసెన్స్‌కీ లింక్‌లు పెడితే సరైనది. వెర్షన్ నంబర్ ఎందుకంటారా? 4.0లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే లైసెన్స్ దానంతటదే తిరిగొస్తుంది. 3.0, అంతకు ముందువాటిలో ఆ వెసులుబాటు లేదు. పాత వెర్షన్ కింద ఫోటోలు పెట్టి, క్రెడిట్ తప్పు రాసినవాళ్లకి బిల్లులు పంపడమే పనిగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

లైసెన్స్ పేరులో ‘ఎన్‌సీ’ ఉంటే యాడ్స్ వచ్చే ఛానల్‌లో వాడకండి. ‘ఎన్‌డీ’ ఉంటే రంగులు మార్చి, అక్షరాలు వేసి పెట్టకండి. ‘ఎస్‌ఏ’ ఉంటే, దాన్ని మార్చి మీరు చేసిన బొమ్మని కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. ఉచితంగా ఫోటోలిచ్చే అన్‌స్ప్లాష్ లాంటి సైట్లలో క్రెడిట్ తప్పనిసరి కాదు. కానీ అక్కడి ఫోటోలో కనిపించే మనిషి మీ వ్యాపార ప్రకటనకి ఒప్పుకున్నట్టు కాదు, అది వేరే అనుమతి.

కొన్ని పుకార్లు. ‘10 శాతం మారిస్తే మనదే’ అనే రూలు ఎక్కడా లేదు. ఫిల్టర్ వేసినా, తిప్పినా, ఏఐతో పెయింటింగ్‌లా చేసినా ఆధారం వాళ్ల ఫోటోనే. విమర్శకి, సమీక్షకి చాలా దేశాల్లో మినహాయింపులున్నాయి, కానీ ఆ ఫోటో గురించే మీరు మాట్లాడుతుంటే ఒక లెక్క, మాటల వెనక ఖాళీ నింపడానికి వేస్తే ఇంకో లెక్క. ఇక మూలన ఉన్న పేరు పోయేలా క్రాప్ చేయడం అన్నిటికంటే తెలివితక్కువ పని. దొంగతనం కప్పిపుచ్చడానికి పేరు చెరిపారని తేలితే అమెరికా చట్టంలో దానికే విడిగా, ఒక్కో ఉల్లంఘనకి 2,500 నుంచి 25,000 డాలర్ల దాకా పడుతుంది.

ఇప్పుడు అటువైపు నుంచి చూద్దాం. మీ ఫోటోనే ఎవరో వాడేశారు. కోపంతో వాళ్ల కామెంట్స్‌లో దిగకండి. మిమ్మల్ని బ్లాక్ చేస్తారు, పోస్ట్ డిలీట్ చేస్తారు, మీ దగ్గర రుజువు ఉండదు. ముందు అడ్రస్ బార్, తేదీ కనిపించేలా పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి, వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయండి, మీ ఒరిజినల్ ఫైలు, అదే వరుసలోని మిగతా షాట్లు పక్కన పెట్టుకోండి. తర్వాత ఏం కావాలో తేల్చుకోండి: పేరా, తీసేయడమా, డబ్బా. పేరు చాలనుకుంటే ఒక మర్యాదైన మెసేజ్‌తో చాలాసార్లు పని అయిపోతుంది.

తీసేయాలంటే ప్లాట్‌ఫామ్‌లో కాపీరైట్ ఫారం ఉంటుంది. 1998 నాటి అమెరికా చట్టం డీఎంసీఏ ప్రకారం నోటీసులో ఆరు విషయాలుండాలి: మీ సంతకం (టైప్ చేసిన పేరు చాలు), మీ ఫోటో ఏది, కాపీ ఎక్కడుంది, మీ కాంటాక్ట్ వివరాలు, అది అనుమతి లేని వాడకమని మనస్ఫూర్తిగా నమ్ముతున్నానన్న మాట, వివరాలు నిజమనీ నాకు అధికారం ఉందనీ ప్రమాణం. ఎక్కువ నోటీసులు ఆగిపోయేది మూడోదాని దగ్గర. ప్రొఫైల్ లింక్ ఇస్తారు, కావాల్సింది ఆ ఒక్క పోస్టు లింక్. వీడియో అయితే ఫోటో కనిపించే నిమిషం, సెకను కూడా రాయాలి. యూట్యూబ్‌లో వెంటనే తీసేయమనొచ్చు, లేదా అవతలివాళ్లకి 7 రోజులు టైమివ్వొచ్చు. ఆ లోపు వాళ్లే తీసేసుకుంటే స్ట్రైక్, అంటే ఛానల్ మీద తప్పు నమోదు, పడదు. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లంటే ఛానలే పోయే పరిస్థితి, కాబట్టి తెలియక చేసినట్టు కనిపిస్తే 7 రోజుల దారి న్యాయంగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. మీ పేరు అవతలివాళ్లకి తెలుస్తుంది. వాళ్లు కౌంటర్ నోటీస్, అంటే మీ ఫిర్యాదు తప్పని జవాబు, ఇస్తే, మీరు కోర్టుకి వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో పోస్ట్ మళ్లీ పైకొస్తుంది. ఇంకోటి, ఫోటోలో ఉన్నది మీరే కానీ తీసింది ఫ్రెండ్ అయితే కాపీరైట్ ఫారం నింపాల్సింది ఆ ఫ్రెండ్. మీరు వెళ్లాల్సింది ప్రైవసీ ఫారంకి.

ముందుజాగ్రత్తగా, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మెటాడేటాలో (ఫోటో ఫైలులోనే దాగుండే వివరాల్లో) మీ పేరు, కాపీరైట్ లైను, లైసెన్స్ పేజీ లింక్ నింపండి. మీ సొంత వెబ్‌సైట్‌లో ఆ లింక్ ఉన్న ఫోటోలకి గూగుల్ ఇమేజెస్ ‘లైసెన్స్ దొరుకుతుంది’ అనే గుర్తు చూపించగలదు, 2020 నుంచి ఉందిది. సోషల్ మీడియా సైట్లు చాలావరకు అప్‌లోడ్‌లోనే మెటాడేటా చెరిపేస్తాయి. మీరు వాడే సైట్ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఒక ఫోటో పెట్టి, దాన్నే తిరిగి డౌన్‌లోడ్ చేసి, కంప్యూటర్‌లో ప్రాపర్టీస్ తెరిచి మీ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడ చిన్న సైజు కాపీ మాత్రమే పెట్టి, అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.