పర్సివల్ ఎవరెట్: ఏ అరలోనూ ఇమడని రచయిత

మిత్రులారా, నమస్కారం.

అమెరికన్ నల్లజాతి రచయిత పర్సివల్ ఎవరెట్ రాసిన 'జేమ్స్' నవలకు 2024లో నేషనల్ బుక్ అవార్డు, 2025లో పులిట్జర్ బహుమతి వచ్చాయి. అమెరికా పత్రికలు ఆయన్ని ఆకాశానికెత్తాయి. సంతోషమే. కానీ ఆయన మొదటి నవల 'సూడర్' వచ్చింది 1983లో! ఈ రెండింటి మధ్య ఇరవైకి పైగా నవలలు రాశారు. వాటిలో చాలావాటిని అచ్చువేసింది మినియాపొలిస్‌లోని గ్రేవుల్ఫ్ అనే చిన్న ప్రచురణ సంస్థ.

గుర్తింపు ఇంత ఆలస్యం కావడానికి కారణాన్ని ఆయనే 2001లో 'ఇరేజర్' నవలలో రాసిపెట్టారు. ఇరేజర్ అంటే చెరిపివేత. అందులో మంక్ అనే నల్లజాతి రచయిత ఒక పెద్ద దుకాణంలో తన పుస్తకాల కోసం వెతుకుతాడు. సాహిత్యం అరలో లేవు. సమకాలీన నవలల్లో లేవు. చివరికి 'ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాలు' అనే అరలో నాలుగు దొరుకుతాయి. వాటిలో ఒకటి గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ 'పర్షియన్లు'కు పునఃకథనం. అందులో నల్లజాతికి సంబంధించినది రచయిత ఫొటో ఒక్కటే. ఒళ్లు మండి మంక్ మారుపేరుతో మురికివాడ జీవితంపై ఒక వెక్కిరింత నవల రాస్తే, విమర్శకులు దాన్నే అసలైన నల్లవారి గొంతు అని నెత్తిన పెట్టుకుంటారు. ఈ నవలే 2023లో 'అమెరికన్ ఫిక్షన్' సినిమా అయింది.

ఇప్పుడు 'జేమ్స్'నూ అలాగే ఒక అరలో పెట్టేస్తారేమోనని నాకు భయం. సమీక్షల్లో చాలావరకు దాన్ని మార్క్ ట్వేన్‌కు ఇచ్చిన జవాబుగానే చూశాయి. ట్వేన్ నవల 'హకల్‌బెరీ ఫిన్' కథను అందులోని బానిస జిమ్ వైపు నుంచి చెప్పిన మాట నిజమే; ఆ జిమ్మే ఇక్కడ జేమ్స్. అయితే నన్ను కట్టిపడేసింది మొదట్లో వచ్చే ఒక పాఠం. జేమ్స్ బానిస పిల్లల్ని అడుగుతాడు: తెల్లవారి వంటింట్లో మంట లేస్తే ఏమని చెప్పాలి? 'మంటలు, మంటలు' అంటుంది ఒక పిల్ల. సూటిగానే చెప్పింది, కానీ అది సరిపోదు. 'అమ్మగారూ, అటు చూడండి' అని వచ్చీరాని ఇంగ్లిషులో అరవాలి. ఆపదకు పేరు పెట్టే హక్కు తెల్లవారికే వదలాలి కదా! బానిసత్వం నాలుక మీద ఎలా కూర్చుంటుందో ఇంత దగ్గరగా చూపిన పేజీలు నేను ఎక్కువగా చదవలేదు.

ఇంతకంటే నాకు ఇష్టమైనది 2020 నాటి 'టెలిఫోన్'. నయంకాని జబ్బుతో కూతురు కళ్ల ముందే జారిపోతుంటే చూస్తున్న ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కథ. పాఠకులకు ముందుగా చెప్పకుండా దాన్ని మూడు రకాలుగా అచ్చువేశారు. మీ చేతిలోని పుస్తకం ముగింపు, నా దగ్గరున్న పుస్తకం ముగింపు ఒకటి కాకపోవచ్చు. పులిట్జర్ తుది జాబితా దాకా వెళ్లినా, 'జేమ్స్'కు దక్కిన చర్చలో పదో వంతు కూడా దీనికి దక్కలేదనిపిస్తుంది. జాతి అనే అరలో పట్టని దుఃఖం అది. నా దగ్గరున్న పుస్తకం తెచ్చాను. చదరంగం ఆడుతూ కూతురు ఒక ఎత్తు చూడలేకపోయే చోటి నుంచి కాసేపు మీకు చదివి వినిపిస్తాను.