పిట్ట ముక్కు, రైలు ముక్కు

హోస్ట్: నమస్కారం. కొత్త ఐడియాలు ఎక్కడ పుడతాయి? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం. మన సబ్జెక్ట్‌లోనే తిరుగుతూ ఉంటే కొన్ని చిక్కులు ఎప్పటికీ వీడవంటారు కదండీ మీరు?

అతిథి: అవునండి. జపాన్ బుల్లెట్ ట్రైన్‌నే తీసుకోండి. రైలు అంత స్పీడుతో సొరంగంలోకి దూరితే ముందున్న గాలి నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడి సొరంగం పొడవునా పరుగెత్తి, అవతలి చివర ఢామ్మని బయటపడేది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గగ్గోలు పెట్టారు. ఆ పని మీదున్న ఇంజనీరు ఎయ్‌జీ నకాట్సుకి పిట్టల్ని చూడటమంటే ప్రాణం.

హోస్ట్: లకుముకి పిట్ట అక్కడే వచ్చిందన్నమాట!

అతిథి: అదే. అది గాలిలోంచి నీళ్లలోకి బాణంలా దూకుతుంది, అయినా నీళ్లు పెద్దగా చిమ్మవు. రైలుకు కావలసిందీ అదే కదా. అయితే పిట్టను చూసి నేరుగా డిజైన్ గీసెయ్యలేదు. రకరకాల ఆకారాల్ని గొట్టంలోకి పేల్చి, ఒత్తిడి ఎంత పుడుతోందో కొలిచారు. మెరుగ్గా తేలినది పిట్ట ముక్కుకు బాగా దగ్గరగా ఉంది. 1997లో పట్టాలెక్కిన 500 సిరీస్ రైలుకు 15 మీటర్ల పొడవాటి ముక్కు అలా వచ్చింది. అప్పట్లో దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు.

హోస్ట్: అయితే ఏదో ఒక హాబీ ఉంటే చాలంటారా?

అతిథి: చాలదండి. పిట్టల్ని చూసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఆయన బుర్రలో మాత్రం ఆ సొరంగం చప్పుడు తిరుగుతూ ఉంది. అన్నీ కాస్త కాస్త తెలుసుకోమని చెబుతుంటారే, ఆ సలహా నాకు నచ్చదు. పైపైన చూస్తే రూపమే కనబడుతుంది, పని జరిగే తీరు కనబడదు.

హోస్ట్: మరి ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఎలా తెలుస్తుంది?

అతిథి: మన చిక్కులోంచి మన రంగం మాటలు తీసేసి చూడాలి. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్ అయిన బిడ్డను ఐసీయూకి అప్పగించేటప్పుడు గందరగోళం జరుగుతుండేది. ఆసుపత్రి అన్న మాట పక్కన పెట్టండి. కొద్ది సమయంలో పదిమంది కలిసి, తప్పు జరగకుండా చేయాల్సిన పని అది. కారు రేసుల్లో టైర్లు మార్చేవాళ్లు చేసేదీ అదే! ఆ డాక్టర్లు ఫెరారీ ఫార్ములా వన్ టీమ్ సాయం అడిగారు. అప్పట్లో రేసులో కారుకు ఎప్పుడు కదలాలో చెప్పే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆసుపత్రిలో ఆ బాధ్యత ఎవరిదో తేలలేదు. దాన్ని మత్తు డాక్టరుకు అప్పగించారు, ఎవరి పని ఏమిటో ముందే పంచుకున్నారు. పొరపాట్లు తగ్గాయి.

హోస్ట్: సంస్కృతుల మధ్య కూడా ఇలాగే జరుగుతుందా?

అతిథి: ఎందుకు జరగదు? చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల బొమ్మ అచ్చమైన జపాన్ కళ అనుకుంటాం. అందులోని నీలం బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ. దూరాన్ని చూపించే పద్ధతి కూడా ఆయన యూరప్ బొమ్మల్లోంచి పట్టుకున్నదే. ఆ అల మళ్లీ యూరప్ చేరి, 1905లో ఫ్రెంచ్ సంగీతకారుడు డెబుస్సీ సముద్రం మీద కట్టిన 'లా మేర్' స్వరాల పుస్తకం అట్ట మీదకి ఎక్కింది.

హోస్ట్: నీలం అక్కడి నుంచి వెళ్లింది, అల అయి తిరిగొచ్చింది!

అతిథి: అవును. మధ్యలో హొకుసాయ్ చేసిన ఏళ్ల సాధన ఉంది. అది లేకపోతే ఆ నీలం ఉత్త రంగేనండి.