అటక మీది పత్రికలు

సభకు నమస్కారం. పెద్దల పేర్లు కార్యదర్శిగారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్ళీ చదవను. గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఇంటర్నెట్ గురించీ పుస్తకం గురించీ మాట్లాడమన్నారు. పుస్తకం సంగతి తర్వాత. ముందు నా గోడు వినండి.

మన శ్రీకాకుళం మాటలు పోగుచేద్దామని ఒక పెద్ద కంపెనీవాళ్ళ సైట్‌లో గ్రూపు పెట్టాను. ఆరేళ్ళు నడిచింది. పలాస నుంచి, పాలకొండ నుంచి, చెన్నైకి వలసపోయిన మనవాళ్ళ దగ్గర్నుంచి వెయ్యికి పైగా మాటలొచ్చాయి. ఒకరోజు పొద్దున్న లేచేసరికి గ్రూపు లేదు. 'నియమాలకు విరుద్ధం' అని ఒక్క ముక్క. ఏ నియమం? కుర్రాణ్ణి మనం పిలిచే 'గుంటడు' అన్న మాటలో ఆ మెషీన్‌కి ఏ బూతు కనబడిందో! అడుగుదామంటే మనిషి లేడు. తాసీల్దారు ఆఫీసులోనైతే కసురుకోడానికైనా ఒక గుమాస్తా ఉంటాడు.

అప్పుడు మా అల్లుడు నన్ను మాస్టొడాన్ అనే సోషల్ మీడియాలో చేర్చాడు. 2016లో జర్మనీలో యూజెన్ రోష్కో అనే కుర్రాడు మొదలుపెట్టింది. అందరికీ ఒకే యజమాని ఉండడు. ఎవరి సర్వర్ వాళ్ళది, ఎవరి కట్టుబాట్లు వాళ్ళవి. మీది జీమెయిల్, నాది యాహూ అయితే ఉత్తరం ఆగుతుందా? ఇదీ అంతే. ఆ రాకపోకల పద్ధతిని యాక్టివిటీపబ్ అంటారు, 2018లో వెబ్‌కి ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సి అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ఖాయం చేసింది. ఖర్చులకు చాలాచోట్ల సభ్యులే చందాలు వేసుకుంటారు.

అక్కడ నేను తేలినీలాపురం పక్షుల ఫొటో పెట్టాను. ఎవరో ముక్కూమొహం తెలియనాయన, వేరే సర్వర్ నుంచి, "నాకు చూపు లేదండీ, ఫొటోలో ఏముందో రాయగలరా?" అన్నాడు. 'చెట్టు మీద కొంగలు' అని రాశాను. ఏం చెట్టు, ఎన్ని, ఏం చేస్తున్నాయి అని మళ్ళీ అడిగాడు. అప్పుడు చూశాను నా ఫొటో నేను! చింతచెట్టు. గూడబాతులు మూడు, ఒకదాని నోట్లో పిల్ల ముక్కు పెడుతోంది. ఫొటో కింద వర్ణన రాయడం అక్కడ మర్యాద. రాయకపోతే ఎవరూ వెళ్ళగొట్టరు, ఇలా అడుగుతారంతే.

మరీ మెతకవాళ్ళనుకోకండి. 2019లో ద్వేషపు రాతలకు పేరుపడ్డ గ్యాబ్ అనే సైట్ ఇదే సాఫ్ట్‌వేర్‌తో వస్తే, ఆ ద్వేషం మాకొద్దని చాలా సర్వర్లు తలుపులేసుకున్నాయి. లోపాలూ ఉన్నాయి. నడిపేవాడికి విసుగొస్తే సర్వర్ మూసేస్తాడు. ఇంకో సర్వర్‌కి మారితే మనల్ని ఫాలో అయ్యేవాళ్ళు వెంట వస్తారు గానీ, పాత రాతలు రావు.

టైమైందని చీటీ వచ్చింది. పుస్తకం సంగతి ఒక్క నిమిషం. 1997లో కథకుడు కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావుగారు, ఈ శ్రీకాకుళంలోనే తెలుగు కథలకూ, అవి అచ్చయిన పాత పత్రికలకూ కథానిలయం అనే గ్రంథాలయం పెట్టారు. ఆ పాత పత్రికలు ఎక్కడివి? ఎవరెవరి ఇళ్ళలోనో, అటకల మీదో ఉండబట్టి దొరికాయి. అన్నీ ఒకే గోదాములో ఉండి, దానికి చెదలు పట్టి ఉంటే?

అందుకే అడుగుతున్నాను. మీలో కొందరు ఆ గ్రూపులో ఉన్నారు, మొహాలు గుర్తుపట్టాను. మీ ఫోన్లలో స్క్రీన్‌షాట్లు ఏమైనా మిగిలాయేమో చూడండి. ఒక్క మాటైనా సరే. నేను బయట అరుగు మీద నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటాను.