బ్రేక్ ప్యాడ్ ఎక్కడ కొనాలి, సైడ్ అద్దం ఎక్కడ కొనాలి

నమస్తే అండి. కారు పార్టులు షోరూంలో కొనాలా, నెల్లూరులోనే ఏదో ఒక షాపులో తీసుకోవాలా, చెన్నై పోవాలా అని చాలామంది అడుగుతున్నారు. నన్నడిగితే షాపు సంగతి తర్వాత, ముందు కొనేది ఏ పార్టో చూడండి.

బ్రేక్ ప్యాడ్లు, టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ), బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే కీలు), వీల్ బేరింగ్, వీటిలో ఏది పోయినా ప్రాణం మీదికొస్తుంది, మనం తిరిగేదేమో 16వ నంబరు హైవే మీద, లారీల మధ్య. వీటిని కంపెనీ కౌంటర్లో గానీ నమ్మకమైన డీలరు దగ్గర గానీ బిల్లు మీదే కొనండి. నిజానికి కార్ల కంపెనీలు బేరింగులు, ప్యాడ్లు చాలావరకు బయట చేయించి తమ డబ్బాలో పెట్టి అమ్ముతాయి, అందుకే బాష్, ఎస్‌కేఎఫ్, రానే లాంటి తయారీదార్ల డబ్బా బయట తక్కువకు దొరకొచ్చు. చిక్కేమిటంటే పేరున్న వాటికే డూప్లికేట్లు వస్తాయి. డబ్బా చేతిలోకి తీసుకుని చూడండి: అచ్చు మసగ్గా ఉందా, ఎమ్మార్పీ స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అతికించారా, డబ్బా మీది నంబరే పార్టు మీదా ఉందా. షాపాయన "అంతా ఒకటే అబ్బయా" అంటే మొహమాటపడకుండా డబ్బా వెనక్కిచ్చేయండి.

సైడ్ అద్దం, డోరు, టెయిల్ ల్యాంపు పాతవైనా ఫర్వాలేదు. పాత పార్టుల బజార్లలో నెల్లూరు వాళ్లకు చెన్నై పుదుపేట దగ్గర, ఒంగోలు వాళ్లకు విజయవాడ ఆటోనగర్ దగ్గర. పాత డోరు కొంటే కింది అంచున రబ్బరు బీడింగ్ ఎత్తి వేలు పెట్టి చూడండి, తుప్పు అక్కడ దాక్కుంటుంది, పైన కొత్త పెయింటు మెరుస్తున్నా సరే. ఒక్క అద్దం కోసమే పోయేటట్లయితే మాత్రం డీజిలు, టోల్‌గేట్లు లెక్కేసుకోండి, ఇక్కడే కొన్నా సరిపోతుంది.

మెకానిక్ తెచ్చి వేస్తానంటే నేను వద్దనను. ఆయన తెచ్చిన పార్టు పాడైతే ఆయన్నే అడగొచ్చు, మనం తెచ్చిచ్చింది పోతే రెండోసారి లేబరు మనకే పడుతుంది. ఆయన మిగుల్చుకునే పదో పరకో గురించి గొడవ వద్దు, పాత పార్టు, కొత్త డబ్బా, బిల్లు మాత్రం చేతికి తీసుకోండి.

ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టినా, షాపుకు ఫోన్ చేసినా ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇవ్వండి, ఒకే మోడల్లో ఏడాది మారితే ప్యాడ్ సైజే మారిపోవచ్చు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు పార్టుల మీద జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. బిల్లులో ఇంకా 28 కనిపిస్తే అక్కడే నిలబడి అడగండి.